ఆ సైకిలాయన పడ్డాడా?

ప్రశ్న:

సార్, నాకు 23 ఏళ్ళు. పద్దెనిమిది రోజుల క్రితం రాత్రి తొమ్మిదిన్నరకి నేనూ నా ఫ్రెండూ బండి మీద వస్తున్నాం. గంటకి 60 దాటకూడని రోడ్డు అది. నేను 110 మీద ఉన్నాను. హెల్మెట్ నాకుంది, వాడికి లేదు. వాడు వెనక కూర్చుని నా భుజం మీంచి ఫోన్ పెట్టి మీటర్‌ని వీడియో తీస్తున్నాడు. పక్క రోడ్డు మొదట్లో ఆగి ఉన్న పోలీసు కారు లైట్లు వేసుకుని వెనకపడింది. ఆపుదామనే అనుకున్నాను సార్, నిజంగా. కానీ చెయ్యి ఇంకా రేజ్ ఇచ్చేసింది. మీటర్ 140 దాటడం చూశాను, ఆ తర్వాత చూడలేదు. మావాడు 'ఆపరా, ఆపరా' అని నా వీపు మీద గుద్దుతూనే ఉన్నాడు. ఒక మలుపు తిరగ్గానే ఎదురుగా ఒక పెద్దాయన సైకిల్ తోసుకుంటూ రోడ్డు దాటుతున్నాడు. పక్కనుంచి లాగేశాను. మోకాలికి ఏదో తగిలినట్టు అనిపించింది. వెనక్కి చూడలేదు. ఆ తర్వాత ఒక సందులోకి తిప్పి, లైటు ఆపేసి, గోడ పక్కన కూర్చున్నాం. కారు రాలేదు. సైరన్ ఎప్పుడు ఆగిందో కూడా నాకు తెలీదు.

ఇప్పటిదాకా ఇంటికి ఎవరూ రాలేదు. బండి నాన్న పేరు మీద ఉంది, ఆయనకి ఈ సంగతి తెలీదు. ఎక్కడ సైరన్ వినిపించినా, అది అంబులెన్స్ అయినా సరే, గుండె ఆగినంత పనవుతోంది. రాత్రిళ్ళు నిద్ర లేదు. మావాడు మాట్లాడటం మానేశాడు. ఒక్కసారి మాత్రం 'వీడియో ఆపడం మర్చిపోయాను, మొత్తం రికార్డయింది, పంపనా?' అని మెసేజ్ పెట్టాడు. వద్దన్నాను. డిలీట్ చెయ్యమందామా అని ఆలోచిస్తున్నాను. స్పీడుగా వెళ్ళినంత మాత్రాన ఒక బైకుని అలా తరమడం పోలీసులది తప్పు కాదా? వాళ్ళు వెంటపడకపోతే నేను 140 వెళ్ళేవాణ్ణే కాదు. ఎన్ని రోజులు గడిస్తే ఇక ఏమీ కాదు అనుకోవచ్చు?

(పేరు రాయొద్దని కోరారు)

సమాధానం:

బాబూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి పోలీసు కారు కనిపించింది. మూడోసారికి సైకిల్ తప్ప ఇంకేమీ కనిపించలేదు.

లెక్కలన్నీ కచ్చితంగా రాశావు. రోజులు పద్దెనిమిది, టైము తొమ్మిదిన్నర, స్పీడు 110, తర్వాత 140. సైకిల్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం 'ఏదో తగిలినట్టు అనిపించింది' అని వదిలేశావు. వెంటనే సందు, గోడ, చీకటి. ఆ రాత్రి వెనక్కి చూడనట్టే ఉత్తరంలోనూ చూడలేదు. అక్కడికి వస్తాను. ముందు నువ్వడిగినదానికి జవాబు చెప్తాను, ఎందుకంటే అది తీసిపారేసే ప్రశ్న కాదు.

స్పీడుగా వెళ్ళాడన్న ఒక్క కారణంతో బైకుని తరమొచ్చా అని పోలీసులూ కోర్టులూ దశాబ్దాలుగా తర్జనభర్జన పడుతూనే ఉన్నాయి. 1990లో అమెరికాలోని శాక్రమెంటోలో ఇద్దరు కుర్రాళ్ళు బైకు మీద వెళ్తుంటే పోలీసులు ఆపబోయారు. వాళ్ళు రెండు పోలీసు కార్ల మధ్యలోంచి దూరి పారిపోయారు. ఒక కారు వెంటపడింది. వేగం ఒక దశలో గంటకి 160 కిలోమీటర్ల దాకా వెళ్ళింది. ఎత్తు ఎక్కి దిగాక మలుపు తిప్పబోయి బండి జారిపడింది. వెనకొస్తున్న కారు బ్రేకు వేసినా ఆగలేక, ఇంకా 60 పైన వేగంతో ఉండగానే, పడినవాళ్ళలో ఒకణ్ణి గుద్దింది. పదహారేళ్ళవాడు. అక్కడికక్కడే పోయాడు. మొత్తం తరిమింది 75 సెకన్లు, రెండు కిలోమీటర్ల పైచిలుకు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. హాని చెయ్యాలనే ఉద్దేశం పోలీసుకి లేదు కాబట్టి రాజ్యాంగ హక్కుల ఉల్లంఘన కిందికి రాదని 1998లో తీర్పు వచ్చింది.

తీర్పు సంగతి లాయర్లకి వదిలేద్దాం. చనిపోయిన కుర్రాడు బండి నడిపినవాడు కాదు. వెనక కూర్చున్నవాడు. నడిపినవాడు పక్కకి జరిగి బతికాడు.

ఇక నీ వాదనకి బలమిచ్చే సంగతి కూడా దాచకుండా చెప్తాను. జెఫ్రీ ఆల్పర్ట్ అని అమెరికాలో ఒక క్రిమినాలజీ ప్రొఫెసర్ ఉన్నాడు. పోలీసు ఛేజింగుల మీద ఏళ్ళ తరబడి పనిచేశాడు. పారిపోయి, దొరికి, జైల్లో ఉన్న 146 మందిని కూర్చోబెట్టి మాట్లాడిన అధ్యయనం ఆయనది, 1997లో వచ్చింది. పోలీసులు ఆపేసి ఉంటే, కనీసం కాస్త వెనక్కి తగ్గి ఉంటే, మేమూ స్లో చేసేవాళ్ళం అని వాళ్ళలో నూటికి డెబ్భై మందికి పైగా చెప్పారు. నువ్వన్నదీ అదే. కాబట్టి నీది ఉత్త సాకు అని నేను అనను.

చాలాచోట్ల పోలీసు శాఖలు దీన్ని ఒప్పుకున్నాయి కూడా. చిన్న ట్రాఫిక్ తప్పుకి తరమొద్దని కొన్నిచోట్ల రూలే ఉంది. తరిమినా, కారులో ఉన్నవాడి ఇష్టానికి వదలరు. అతను రేడియోలో చెబుతూ ఉండాలి: ఎంత స్పీడు, రోడ్డు మీద జనం ఎంతమంది, వాన ఉందా, బండి మీద ఎందరున్నారు, వెనకవాడికి హెల్మెట్ ఉందా. వినే పై అధికారి 'చాలు, వదిలెయ్' అంటే వదిలెయ్యాలి. పారిపోయే కారు టైర్లలో గాలి తీసే ముళ్ళ పట్టీ ఉంటుంది చూడు, దాన్ని రెండు చక్రాల బండి ముందు వెయ్యొద్దనే నిబంధన చాలా చోట్ల ఉంది. వేస్తే పట్టుకోవడం కాదు, చంపడమే. అందరూ ఇంత మెత్తగా ఉంటారని మాత్రం అనుకోకు. లండన్‌లో మోపెడ్ల మీద వచ్చి ఫోన్లు లాక్కుపోయే దొంగల బెడద పెరిగినప్పుడు అక్కడి పోలీసులు కారుతోనే బండిని తగిలించి పడేసేవాళ్ళు. 2018లో ఆ వీడియోలు వాళ్ళే బయటపెట్టారు.

కాబట్టి నీ మొదటి ప్రశ్నకి నా జవాబు: 110 మీద వెళ్తున్న బైకుని, వెనక హెల్మెట్ లేని మనిషి ఉండగా, జనం తిరిగే రోడ్డులో తరమడం నాకు నచ్చే పని కాదు. నంబర్ రాసుకుని మర్నాడు ఇంటికి రావచ్చు. ఆ కారులో నేనుంటే కాసేపటికే వదిలేసేవాణ్ణని అనుకుంటున్నాను. కుర్చీలో కూర్చుని అనుకోవడం తేలికే అనుకో.

కానీ అది వాళ్ళు వాళ్ళ పై అధికారికి చెప్పుకోవాల్సిన సమాధానం. సైరన్ మోగక ముందు నువ్వున్న 110కి వాళ్ళకి ఏ సంబంధమూ లేదు కదా. అప్పుడు నిన్ను తరుముతున్నది మీవాడి ఫోన్ కెమెరా ఒక్కటే.

ఆ 110 అంటే ఏంటో ఒక్క నిమిషం చూద్దాం. ఏదో అడ్డం వచ్చిందని కన్ను చూసి, మెదడు గ్రహించి, చెయ్యి బ్రేకు నొక్కేసరికి సుమారు సెకనున్నర. 60 మీద ఆ సెకనున్నరలో బండి 25 మీటర్లు పోతుంది, బ్రేకు పడ్డాక ఇంకో 20. మొత్తం 45 మీటర్లలో ఆగుతుంది. 110 మీద బ్రేకు పడకముందే 46 మీటర్లు పోతుంది, ఆగేసరికి 110 మీటర్లు దాటుతుంది. పొడి రోడ్డు, మంచి టైర్లు, తొణకని చెయ్యి ఉంటేనే ఈ లెక్క. డిమ్‌లో బండి లైటు వెలుగు సుమారు 50, 60 మీటర్లు పడుతుంది. అంటే నీ లైటుకి కనిపించేదాని కంటే రెట్టింపు దూరం కావాలి నీకు ఆగడానికి. కళ్ళు మూసుకుని నడపడానికీ దీనికీ తేడా కొంచెమే.

హెల్మెట్ ఉందన్నావు, సంతోషం. హెల్మెట్ల మీద వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే అది ప్రాణం పోయే ముప్పుని 42 శాతం, తలకి దెబ్బ తగిలే ముప్పుని 69 శాతం తగ్గిస్తుందని తేలింది. కానీ యూరప్‌లో చాలా ఏళ్ళు వాడిన ప్రమాణంలో హెల్మెట్‌ని దిమ్మెకి కొట్టి పరీక్షించే వేగం సెకనుకి 7.5 మీటర్లు. అంటే గంటకి 27 కిలోమీటర్లు. 140 మీద ఎగిరి దేన్నైనా నేరుగా గుద్దుకునే తలకి అది చేసిన వస్తువు కాదు. మీవాడికైతే అదీ లేదు.

'ఆపుదామనే అనుకున్నాను, చెయ్యి రేజ్ ఇచ్చేసింది' అన్న మాట నేను నమ్ముతున్నాను. ఎందుకంటే నాకూ జరిగింది.

అప్పుడు నాకు నీ వయసే. లైసెన్స్ ఇంట్లో మర్చిపోయి బయల్దేరాను. రోడ్డు పక్కన నిలబడ్డ ట్రాఫిక్ కానిస్టేబుల్ చెయ్యెత్తాడు. ఆపాలని తెలుసు. కుడి మణికట్టు దానంతట అదే తిరిగింది. ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు, నేను దాటేశాను. పెద్ద వీరుణ్ణి అయిపోయినట్టు ముందుకి వంగి పోతున్నాను. రెండు వందల మీటర్లు పోయానో లేదో, రైల్వే గేటు పడింది. ముందు లారీ, వెనక బస్సు, నడుమ నేను. అద్దంలో చూస్తే కానిస్టేబుల్ నడుచుకుంటూ వస్తున్నాడు. పరిగెత్తడం లేదు. 'గేటు పడే టైమని తెలుసులే' అన్నాడు వచ్చాక. నా చేతులు ఎంత వణికాయంటే ఆయనిచ్చిన పెన్ను పట్టుకుని సంతకం చెయ్యలేకపోయాను. జరిమానా రాశాడు, రెండు మాటలన్నాడు. రైలు వెళ్ళి గేటు లేచేసరికి అంతా అయిపోయింది. పది నిమిషాలు కూడా పట్టలేదు. దాన్నుంచి తప్పించుకోవడానికా నేను ఒక మనిషి మీదికి బండి పోనిచ్చింది అని ఇంటికొచ్చాక తట్టింది.

ఆ రోజు నన్ను ఆపింది గేటే. నా మంచి బుద్ధి కాదు. నీకు ఆ రాత్రి గేటు పడలేదు, అంతే తేడా. అందుకే నీ మీద కోపం తెచ్చుకోలేకపోతున్నాను.

భయం పుట్టినప్పుడు ఒళ్ళు చేసే పనులు కొన్ని ఉన్నాయి. చూపు సొరంగంలా మూసుకుపోతుంది. ఎదురుగా ఉన్నదే కనిపిస్తుంది, పక్కలు మాయమవుతాయి. చెవులు సగం పనిచెయ్యవు. పైగా ఆ వేగంలో హెల్మెట్ లోపల గాలి చేసే హోరు 100 డెసిబెల్స్ దాకా వెళ్తుంది. సైరన్ ఎప్పుడు ఆగిందో తెలీదన్నావు. తెలిసే అవకాశమే లేదు. అప్పుడు 'ఆపితే ఫైన్, ఆపకపోతే చావు' అని బేరీజు వేసే మెదడు పనిలో లేదు. 'పారిపో' అన్న ఒక్క మాటే వినిపిస్తుంది. మొదటి రెండు మూడు సెకన్ల వరకు నీకు ఆ మినహాయింపు ఇస్తాను. తర్వాతదానికి ఇవ్వను. ఎందుకంటే తర్వాత నీ వీపు మీద ఒకడు గుద్దుతున్నాడు, చెవిలో 'ఆపరా' అంటున్నాడు. అది నువ్వు విన్నావు. విన్నావని నువ్వే రాశావు.

మీవాడి గురించి కూడా ఒక మాట. వెనక కూర్చున్నవాడికి హ్యాండిల్ ఉండదు, బ్రేకు ఉండదు. ఉన్నవి నోరూ చేతులూ. వాడు రెండూ వాడాడు. 110 దాకా వాడూ సరదా పడ్డాడు, వీడియో తీశాడు, కాబట్టి వాడు సుద్దపూస అని చెప్పను. కానీ సైరన్ మోగాక వాడు బండి ఎక్కినవాడు కాదు, బండికి కట్టేసినవాడు. నీతో మాట్లాడటం మానేశాడంటే ఆశ్చర్యం ఏముంది? అలాంటివాడు 'వీడియో పంపనా?' అని అడిగాడు చూడు, దాన్ని బెదిరింపు అనుకున్నట్టున్నావు. నాకలా అనిపించలేదు. పద్దెనిమిది రోజులుగా దాన్ని ఒంటరిగా మోస్తున్నాడు. నువ్వూ చూడాలని అడుగుతున్నాడు.

నువ్వు ఎందుకు వద్దన్నావు? పోలీసుల భయమే అయితే ముందు ఆ వీడియోనే తెప్పించుకునేవాడివి. నంబర్ ప్లేట్ కనిపిస్తోందా, మొహం కనిపిస్తోందా అని పదిసార్లు చూసేవాడివి. ఆయన పడ్డాడో లేదో దాన్లో ఉంటుందని నీకు తెలుసు. అందుకే వద్దన్నావు.

ఆ పెద్దాయన వైపు నుంచి ఒక్కసారి చూడు. సైకిల్ తోసుకుంటూ నడిచే మనిషి సెకనుకి ఒక మీటరు నడుస్తాడు. ఏడు మీటర్ల వెడల్పు రోడ్డు దాటాలంటే ఏడు సెకన్లు. మలుపులో నువ్వు కాస్త తగ్గించావనే అనుకుందాం, వంద మీద ఉన్నావనుకుందాం. వంద అంటే సెకనుకి దాదాపు 28 మీటర్లు. ఆయన సరిగ్గా నడిరోడ్డు మీద ఉండగా నువ్వొచ్చావంటే, మొదటి అడుగు వేసేటప్పటికి నువ్వు వంద మీటర్ల అవతల, మలుపు వెనక ఉన్నావు. ఆయన రెండు వైపులా చూసుకునే ఉంటాడు. రోడ్డు ఖాళీగా కనిపించే ఉంటుంది. జాగ్రత్తపడిన మనిషికి కూడా నీ నుంచి తప్పించుకునే దారి లేదు. లైటు కనిపించినా, ఎదురొచ్చే బైకు ఎంత వేగంతో ఉందో కళ్ళతో అంచనా కట్టడం చాలా కష్టం. కారు కంటే సన్నగా ఉంటుంది కదా, దూరంగా ఉన్నట్టే కనిపిస్తుంది. 1981లో లాస్ ఏంజిలెస్ ప్రాంతంలో 900 బైకు ప్రమాదాల్ని జరిగిన చోటికే వెళ్ళి పరిశీలించిన హర్ట్ నివేదిక అని ఒకటుంది. ఆపద కనిపించాక బైకు నడిపేవాడికి తప్పించుకోవడానికి దొరికేది సాధారణంగా రెండు సెకన్ల లోపే అని అందులో తేల్చారు. నీకు ఆ రెండు సెకన్లూ దొరికాయి, పక్కకి లాగావు. ఆయనకి అవీ లేవు.

ఇప్పుడు ఇంకో సంగతి. ఇది నిన్ను భయపెట్టడానికి కాదు, కానీ చెప్పకుండా ఉండలేను. 'కారు రాలేదు' అని రాశావు, తప్పించుకున్నట్టుగా. ఎందుకు రాలేదో ఆలోచించావా? సందులో నిన్ను చూసుకోలేక ముందుకి పోయి ఉండొచ్చు. రేడియోలో పై అధికారి వదిలెయ్యమని ఉండొచ్చు. లేదా మలుపు తిరగ్గానే రోడ్డు మీద సైకిలూ మనిషీ పడి ఉంటే, అక్కడ ఆగి ఉండొచ్చు. మూడింట్లో ఏదో నాకు తెలీదు. నీకూ తెలీదు. నీ నిద్ర పాడు చేస్తున్నది ఈ తెలియకపోవడమే. సైరన్ వినిపించినప్పుడు, అది అంబులెన్స్ అయినా, గుండె ఆగినంత పనవుతోందన్నావు. అంబులెన్స్ అయినా అన్నావు చూడు. పోలీసులకి భయపడేవాడికి అంబులెన్స్‌తో పనేంటి?

ఇక ఏం చెయ్యాలి అంటే, ముందు చెయ్యకూడనివి. వీడియో డిలీట్ చెయ్యొద్దు, చెయ్యమని మీవాణ్ణి అడగొద్దు. అడిగితే వాణ్ణి కూడా ఇందులోకి లాగినవాడివవుతావు. సాక్ష్యం చెరపడం దాదాపు ఎక్కడైనా వేరే నేరం. ఎవరికీ ఫార్వర్డ్ చెయ్యొద్దు, ఎక్కడా పెట్టొద్దు. బండి కడిగించొద్దు, గీతలుంటే పాలిష్ చేయించొద్దు. ఫుట్‌రెస్ట్ చివర, లెగ్ గార్డ్ మీద కొత్త గీత ఉందో లేదో ఈపాటికి చూసే ఉంటావు. ఉంటే ఉండనీ. నువ్వే ఆ మలుపు దగ్గరికెళ్ళి 'ఇక్కడ ఎవరైనా పడ్డారా' అని ఆరా తియ్యకు. ఆయన కనిపిస్తే డబ్బు చేతిలో పెట్టి సర్దుకుందామని అస్సలు అనుకోకు. ఉద్దేశం మంచిదే అయినా సాక్షిని కొనబోయినట్టు ఉంటుంది.

చెయ్యాల్సిందల్లా క్రిమినల్ కేసులు చూసే ఒక లాయర్‌ని కలవడం. ఆయనకి నాకు రాసిందంతా చెప్పు, మోకాలి సంగతి మొట్టమొదట చెప్పు. లాయర్‌కి చెప్పింది ఆయన బయటపెట్టకూడదు, అది ఆయన వృత్తి నియమం. ఆ రాత్రి ఆ చోట ప్రమాదం ఏదైనా నమోదైందా అని ఆయన కనుక్కోగలడు. తర్వాత ఆయన్ని వెంటబెట్టుకుని స్టేషన్‌కి నువ్వే వెళ్ళు. ప్రమాదం జరిగితే బండి ఆపాలి, గాయపడ్డవాళ్ళకి సాయం చెయ్యాలి అన్నది ఏదో ఒక దేశం చట్టం కాదు. 1968 వియన్నా రోడ్డు ట్రాఫిక్ ఒప్పందంలోనే 31వ అధికరణంగా రాసి ఉంది. ఆ పని నువ్వు పద్దెనిమిది రోజులు ఆలస్యంగా చెయ్యబోతున్నావు. తనంతట తాను వచ్చినవాడికీ వెతికి పట్టుకొచ్చినవాడికీ మధ్య తేడాని కోర్టులు మామూలుగా లెక్కలోకి తీసుకుంటాయి. అలాగని ఏమీ కాదని మాత్రం చెప్పను. లైసెన్స్ కొన్నాళ్ళు పోవచ్చు, జరిమానా పడొచ్చు, ఆయనకి దెబ్బ తగిలి ఉంటే కేసు అంతకంటే పెద్దది కావొచ్చు.

ఆయనకి నిజంగానే దెబ్బ తగిలిందనుకో. ఎముక విరిగిందనుకో. మనిషికి దెబ్బ తగిలితే ఖర్చు భరించడానికే బళ్ళకి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి చేశారు. కానీ గుద్దిన బండి ఏదో తెలియకపోతే ఆ క్లెయిమ్ ఎవరి మీద వెయ్యాలి? నువ్వు నోరు విప్పని ప్రతి రోజూ ఆయన హాస్పిటల్ బిల్లు ఆయన జేబులోంచే పోతూ ఉండొచ్చు. 'ఎన్ని రోజులు గడిస్తే ఏమీ కాదు' అన్న నీ లెక్కని అవతలి వైపు నుంచి కూడా ఒకసారి వేసి చూడు. స్పీడు జరిమానాకైతే కొన్నిచోట్ల నోటీసు పంపడానికి గడువు ఉంటుంది. మనిషికి దెబ్బ తగిలిన కేసులో ఆ గడువు పనికొస్తుందనుకోకు.

మీ నాన్నగారికి ఈ రెండు మూడు రోజుల్లోనే చెప్పాలి. బండి ఆయన పేరు మీద ఉంది. 'ఫలానా టైముకి నీ బండి ఎవరు నడిపారు' అని పోలీసులు అడిగితే చాలా దేశాల్లో ఓనర్ జవాబు చెప్పి తీరాలి. ఏమీ తెలియని మనిషిని గుమ్మంలో నిలబెట్టి ఆ ప్రశ్న అడిగించకు. సుదీర్ఘంగా మొదలుపెట్టకు. 'నాన్నా, బండి మీద పెద్ద తప్పు చేశాను, పోలీసులు ఆపితే ఆపలేదు, ఒకాయనకి తగిలిందేమోనని భయంగా ఉంది' అని ఒక్క గుక్కలో చెప్పెయ్. అరుస్తారు. అరవనీ. అరుపు అయ్యాక ఆయన అడిగే మొదటి ప్రశ్న 'నీకేం కాలేదు కదా' అనే అవుతుందని నా నమ్మకం. తండ్రిని కాబట్టి అంటున్నాను.

అన్నీ తేలేవరకు బండి తాళం ఆయన దగ్గరే ఉంచు. నిద్ర లేని కళ్ళతో, సైరన్ వింటే ఉలిక్కిపడే ఒంటితో నడపడం ఇంకో ప్రమాదం. చెప్పాక కూడా నిద్ర పట్టకపోతే డాక్టర్‌ని కలువు, సిగ్గుపడకు. ఇలాంటి సంఘటన తర్వాత ఒళ్ళు కొన్ని వారాలపాటు అదే రాత్రిలో ఉండిపోవడం మామూలే, దానికి వైద్యం ఉంది.

ఇవన్నీ రేపటి పనులు. ఈ రాత్రి పని ఒక్కటే. మీవాడికి మెసేజ్ కాదు, ఫోన్ చెయ్. వీడియో సంగతి ముందు ఎత్తకు. వాడు గుద్దిన గుద్దులు, 'ఆపరా' అన్న మాటలు అన్నీ నీకు తెలిశాయనీ, తెలిసే ఆపలేదనీ చెప్పు. వాడు ఏమంటే అది విను. తర్వాత వీడియో పంపమను, వాడి ఫోన్‌లో ఉన్నది అలాగే ఉంచమను. మీ నాన్నగారికి చెప్పాక ఆయన పక్కన కూర్చుని చూడు. చీకట్లో, ఊగిపోతున్న ఫోన్‌లో బొమ్మ ఏమీ కనిపించకపోవచ్చు. అయినా ఆపకుండా చివరిదాకా సౌండ్ పెట్టుకుని విను. మలుపు దాటాక సైరన్ ఎంతసేపటికి ఆగిందో టైము రాసుకుని, ఆ కాగితం కూడా లాయర్ దగ్గరికి పట్టుకెళ్ళు.